రంగంలో అమ్మ నన్ను కొనుక్కున్న రోజు

మా చెల్లెలి మనవడు మొన్న శ్రీకాకుళం వచ్చినప్పుడు సెల్‌ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టి, "పెద్దమ్మమ్మా, ఇదిగో మీ రంగూన్" అన్నాడు. ఆఫీసు పని మీద వెళ్ళి వారం రోజులు ఉండి వచ్చాడట. బంగారు గోపురం, చెరువు, చెరువులో గోపురం నీడ, తెల్లటి పెద్ద భవనాలు. వాడు వేలితో ఒక్కొక్క బొమ్మనూ తోసేస్తుంటే నేను కళ్ళజోడు సవరించుకుంటూ చూశాను. "నువ్వు పుట్టింది అక్కడే కదా, ఇవన్నీ చూశావా?" అన్నాడు. చూశాను. ఒక పగలంతా మా అమ్మతో తిరిగి తిరిగి చూశాను. "అప్పట్లో ఎలా ఉండేది?" అన్నాడు. ఆ గోపురం కనబడగానే అరచేతులకు చెమట పట్టింది, ఫోను పక్కకు తోసేశాను. ఇన్నేళ్ళ తర్వాత, ఈ వయసులో, నా ఇంట్లో నా కుర్చీలో కూర్చుని. వాడు కంగారుపడి బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగాడు. వేసుకున్నానని చెప్పి, కాఫీ పెట్టడానికి లేచాను. భయం ఎందుకేసిందో కూర్చోబెట్టి చెప్పాలంటే అది కాఫీ తాగేలోపు అయ్యే సంగతి కాదు.

మా వైపు రంగూన్ అని ఎవరూ అనేవారు కారు, రంగం అనేవారు. టెక్కలి దాటి భావనపాడు పోయే దారిలో మా ఊరు. వానలు పడితే వరి, సరిగా పడకపోతే చోళ్ళు, అంటే రాగులు, అవీ పండకపోతే రంగం. మా అయ్య పెళ్ళయిన ఏడాదే ఓడెక్కాడు, కొన్నాళ్ళకు వచ్చి అమ్మను తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళింది పట్నంలోకి కాదు. పట్నానికి ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున డల్లా అని ఉండేది. బియ్యం మిల్లులన్నీ అటే. మిల్లు వెనక వరసగా కర్రగోడల గదులు, ఆ గదుల్లో అంతా మన జిల్లాల వాళ్ళే. మా అయ్య సాయంత్రం ఇంటికొస్తే ఒళ్ళంతా తవుడు. గుమ్మం బయట నిలబడి తువ్వాలు దులిపి, తల దులిపి, కనురెప్పలు కూడా తుడుచుకుని లోపలికి వచ్చేవాడు. అయినా ఆ వాసన లోపలికి వచ్చేది. మా దుప్పట్లకు, మంచినీళ్ళకు, అమ్మ జుట్టుకు అదే వాసన, కమ్మగా, కాస్త ముక్కినట్టు. నాకు చిన్నప్పుడు ఇల్లంటే ఆ వాసనే.

అమ్మ నది దాటి పట్నం వెళ్ళిన సందర్భాలు నాకు గుర్తున్నంతలో లేవు. పొద్దున్నే పొయ్యి, గంజి, అయ్యకు సద్ది, మిల్లు బయట రాలిన నూకలు ఏరడం, సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఒక చుట్ట. మా వైపు ఆడవాళ్ళు చాలామంది లాగే ఆమె కూడా అడ్డచుట్ట కాల్చేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. మా పక్క గదిలో మాతిన్ అని ఒక బర్మా ఆవిడ ఉండేది, మొగుడు మిల్లులో కాపలాదారు. ఆమెదీ పెద్ద చుట్టే, కానీ సవ్యంగా కాల్చేది. మొదటిసారి అమ్మ నిప్పు లోపల పెట్టుకోవడం చూసి ఆవిడ చేతిలోని చెంబు వదిలేసిందని, అక్కడినుంచే స్నేహం కుదిరిందని అయ్య నవ్వుతూ చెప్పేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మకు చేపలు బేరమాడేంత బర్మా మాట వచ్చు, ఆవిడకు 'అన్నం', 'వద్దు', అక్కను పిలిచే 'అప్ప' వచ్చు. వాటితోనే సాయంత్రాలు గడిచిపోయేవి.

నాకు ముందు అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరినీ డల్లా ఒడ్డునే పూడ్చారు. మూడోదాన్ని నేను. ఇలాంటప్పుడు మా వైపు ఏం చేసేవారో ఇప్పటి పిల్లలకు తెలియదు. పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తారు. పక్కింటావిడ వచ్చి, ఎవరి బిడ్డో పాపం అనుకుంటూ ఎత్తుకుంటుంది. ఇక ఆ బిడ్డ ఆవిడది. తల్లి ఆవిడ గుమ్మానికి వెళ్ళి, బేరమాడి, ఇంత తవుడు పోసి బిడ్డను కొనుక్కుంటుంది. పిల్లల్ని పట్టుకుపోయేది ఏదైతే ఉందో అది చూసి, ఇది కడుపున పుట్టింది కాదు, తవుడుకొచ్చింది, దీన్ని పట్టుకుపోయినా ఎవరూ ఏడవరు అనుకుని వదిలేస్తుందని నమ్మకం. అలా బతికిన వాళ్ళే పెంటయ్యలు, పెంటమ్మలు, తవిటయ్యలు, తవిటమ్మలు. నేను బళ్ళో పాఠం చెప్పిన రోజుల్లో కూడా ప్రతి తరగతిలో ఒకరిద్దరు తగిలేవారు. హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలు కిసుక్కుమనేవారు. నేను తల ఎత్తి, "నా పేరు కూడా తవిటమ్మే, నవ్వండి" అనేదాన్ని. ఇక నవ్వేవారు కారు.

నా విషయంలో ఆ పక్కింటావిడ మాతిన్. అమ్మ సైగలతో చెప్పింది, ఆవిడ సరేనని వచ్చి, నన్ను కుప్ప మీదినుంచి ఎత్తుకుని తన గదిలోకి తీసుకెళ్ళింది. అంతవరకూ బాగానే జరిగింది. అమ్మ తవుడు పట్టుకెళ్ళేసరికి ఆవిడ చేతులు ఊపేసింది. ఇరుగుపొరుగు దగ్గర ఏదైనా పుచ్చుకోవడం వాళ్ళలో మర్యాద కాదు. "వద్దు, వద్దు" అని, నన్ను అమ్మ ఒళ్ళో పెట్టి, నవ్వుతూ ఏదో అందట. పక్కనున్న మిల్లు కుర్రాడెవడో దాన్ని తెలుగు చేశాడు: "ప్రస్తుతానికి నీ దగ్గరే పెంచు, పెద్దదయ్యాక నేను తీసుకుంటాను." ఆవిడ సరదాకే అని ఉంటుంది. కానీ అమ్మకు ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. నేను దగ్గినా తుమ్మినా ఆ ముల్లు కదిలేది. కొన్నేళ్ళకు మాతిన్ మొగుడు పోవడం, ఆవిడ పట్నం వెళ్ళి పెద్ద గోపురం మెట్ల మీద పువ్వులమ్ముకుంటూ బతకడం జరిగాయి. ఆవిడ వెళ్ళిపోయాక కూడా అమ్మ ఆ గది ముందునుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేది.

మిల్లును బర్మా సర్కారు తీసేసుకున్నాక మన వాళ్ళకు పనులు పోయాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఒక్కొక్క కుటుంబమే ఓడెక్కడం మొదలుపెట్టింది. మా వంతు వచ్చింది. సామాన్లు కట్టేటప్పుడు మా వరసలో ఉండే ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, దినాలు, అన్నిటికీ ఆవిడ చెప్పిందే శాస్త్రం. నన్ను ఎగాదిగా చూసి, "ఒలే, తవుడు పుచ్చుకోలేదు గదేటి ఆ మనిసి? అయితే బేరం తెగనట్టే. పరాయిదాని పిల్లని సముద్రం దాటిస్తావేటి?" అంది. గిన్నె తోముతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆ రాత్రి చాప మీద పడుకుని నేను అంతా విన్నాను. అమ్మ, "ఆ గుంటపిల్ల మనది కాదు. దానిగల మనిసిని అడక్కుండా ఓడ నానెక్కించను. నడిసముద్రంలో ఏటైనా అయితే ఎవులు జవాబు సెప్తారు?" అంటోంది. అయ్య విసుక్కున్నాడు. "మతిపోనాదేటి నీకు? ముగ్గురి పేర్లూ రాయించీసినాను. ఎల్లుండి పొద్దున్న ఓడ. ఇప్పుడు దాని కాడికెల్లి ఏటడుగుతావు? నాకియ్యండి అంటే ఇచ్చీసి వస్తావా?" అమ్మ దీపం ఒత్తి తగ్గించింది. తర్వాత మెల్లగా, "దాని సొత్తు అది అడిగితే అప్పసెప్పక తప్పదు" అంది. అయ్య అటు తిరిగి పడుకున్నాడు. నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను. తవుడుకొచ్చిన పిల్లనని చిన్నప్పటినుంచీ అందరూ ఏడిపించేవారు, నేనూ నవ్వేదాన్ని. ఆ రాత్రి మాత్రం అది నిజమని తెలిసింది. నాకు ఇంకో యజమాని ఉంది. నన్ను ఇచ్చేస్తారు.

మర్నాడు అయ్య కాగితాల పని మీద చీకట్లోనే వెళ్ళిపోయాడు. అమ్మ నాకు తలంటి, నూనె పెట్టి, గట్టిగా రెండు జడలు వేసి, దసరాకి కుట్టించిన గౌను తొడిగింది. "పద. ఇన్నేళ్ళున్నాం, ఊరు సూడలేదంటే మనూర్లో నవ్వుతారు. రంగం అంతా సూసొద్దుం" అంది. ఆ మాట అంటూనే మూలనున్న చేట తీసి చంకన పెట్టుకుంది. ఒక గుడ్డలో తవుడు పోసి మూట కట్టి కొంగులో ముడేసింది. ఊరు చూడ్డానికి వెళ్ళే మనిషి చేట ఎందుకు పట్టుకెళ్తుందో నాకు తెలుసు. నన్ను పెట్టి ఇచ్చేది అందులోనే. నేను అంత పెద్ద పిల్లను చేటలో ఎలా పడతానన్న ఆలోచన కూడా వచ్చింది. భయంలో కూడా పిల్లల బుర్ర అలాంటి లెక్కలు వేస్తూనే ఉంటుంది.

నది దాటడానికి చిన్న పడవ. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు కూర్చుంటే అంచు నీళ్ళకు తగిలేది. మధ్యలో ఒక స్టీమరు పోయి, అలలు వచ్చి పడవ ఊగింది. అమ్మ ఒక చేత్తో చేటను, ఒక చేత్తో నన్ను పట్టుకుంది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను, తప్పనప్పుడు తప్ప ఇక ఆ రోజంతా వదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు దారి తప్పకూడదని ఒడ్డున కనబడినవన్నీ గుర్తు పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఎర్ర ఇటుకల భవనం, గడియారం, పచ్చ తలుపుల కొట్టు. నన్ను వదిలేసినా పారిపోయి రేవుకు వచ్చి ఓడెక్కేయాలని నా పథకం.

పట్నం నడిబొడ్డున నాలుగు రోడ్లు కలిసే చోట ఒక గోపురం, దాని చుట్టూ బస్సులు, పక్కకు మనిషి కూర్చునే సైకిల్ రిక్షాలు. అమ్మ దాని ముందు చేట కింద పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఎవరో సిపాయి చూస్తే గబగబా తీసి చంకన పెట్టుకుంది. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. బియ్యం చెరిగే చేటతో నడివీధిలో తిరిగే మనిషిని ఎవరు చూడరు? అమ్మ ఒక కొట్టు దగ్గర ఆగి నాకు కొబ్బరి పెట్టి చేసిన తీపి రొట్టె ఏదో కొనిపెట్టింది. "తిను" అంది. ఎప్పుడూ అడిగినా కొనని మనిషి అడక్కుండా కొనేసరికి నాకు ఇంకా భయమేసింది. పండక్కి మేకపోతుకు కూడా ఆకులు బాగా వేస్తారు. ఆకలి లేదని చెప్పి, దాన్ని పట్టుకునే నడిచాను. అది చేతిలోనే చెమ్మెక్కి ముద్దయిపోయింది.

బస్సెక్కి పెద్ద గోపురం కొండ దగ్గరికి వెళ్ళాం. మా మనవడి ఫోన్లో మెరిసింది అదే. కింద నుంచి పైకి నాలుగు వైపులా కప్పున్న మెట్లు, మెట్ల పక్కన కొట్లు, పువ్వులు, కొవ్వొత్తులు, అట్టబొమ్మలు. మాతిన్ ఏ వైపు కూర్చుంటుందో మాకు తెలియదు. అమ్మ నన్ను ముందుకు తోసి, "అడుగు" అంది. వీధిలో ఆడుకుని నేర్చుకున్నాను కనుక నాకు బర్మా మాట ధారాళంగా వచ్చేది. నన్ను ఇచ్చెయ్యాల్సిన మనిషి ఎక్కడుందో నేనే వెతికి పెట్టాలి. ఒక్కో పువ్వులావిడనూ అడిగాను, నేల చూస్తూ గొణుగుతుంటే వాళ్ళు రెండోసారి అడిగించుకునేవారు. తూర్పు మెట్ల దగ్గర ఒకావిడ చెప్పింది, మాతిన్ ఎండ తగ్గాక గాని రాదని. అమ్మ ముఖం పాలిపోయింది. "అందాకా ఏటి సేద్దుం" అని తనలో తానే అనుకుని, "పద, జూ సూద్దుం" అంది.

జంతుప్రదర్శనశాల అక్కడికి దగ్గరే. సెలవు రోజేమో, పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. నీళ్ళలోంచి ఒక నీటిగుర్రం లేచి నోరు తెరిస్తే అందరూ కేకలు పెట్టి నవ్వారు. నేను దాన్ని చూస్తున్నాను గాని, నా చూపంతా అమ్మ చెప్పుల మీద ఉంది. చెప్పులు కదిలితే నేనూ కదలాలి. అమ్మ మాత్రం ఒక బెంచీ మీద బోనులకు వీపు పెట్టి కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని, చేట అంచు గోటితో గీకుతోంది. ఆమె పులిని చూడలేదు, ఏనుగును చూడలేదు, చెరువు చూడలేదు. ఒకసారి నా వైపు తిరిగి, "బర్మా మాటలో, తవుడు పుచ్చుకో అని ఎలా అంటారు?" అని అడిగింది. చెప్పాను. ఆమె పెదాలు కదుపుతూ రెండు మూడు సార్లు అనుకుంది. నాలిక తిరగలేదు. "నువ్వే సెప్పాల" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

ఎండ వాలాక మళ్ళీ తూర్పు మెట్ల దగ్గరికి వచ్చాం. మాతిన్ కనబడింది. ముడిలో తెల్లపువ్వు, నోట్లో అదే పెద్ద చుట్ట, బుగ్గలకు వాళ్ళు గంధంలా అరగదీసి పూసుకునే పసుపురంగు పూత. అమ్మను చూడగానే బుట్ట వదిలేసి లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత నా గడ్డం పట్టి ముఖం పైకెత్తి, "నా కూతురు ఎంత ఎదిగింది" అంది. బర్మా వాళ్ళు ఏ ఆడపిల్లనైనా కూతురా అనే పిలుస్తారు, అది నాకు తెలుసు. అయినా అమ్మ వెనక్కి వెళ్ళి దాక్కున్నాను.

అమ్మ వెంటనే చేట మెట్టు మీద పెట్టి, మూట విప్పి, తవుడు అందులో పోసింది. చుట్టుపక్కల పువ్వులవాళ్ళు తలలు తిప్పారు. "సెప్పవే" అంది. నేను చెప్పాను. మేం ఓడెక్కి వెళ్ళిపోతున్నామని, తవుడు పుచ్చుకుని నన్ను అమ్మకు అమ్మమని. మాతిన్ నవ్వింది. నేను పుట్టినప్పుడు కూడా ఇలాగే నవ్వి ఉంటుంది. "స్నేహితుల మధ్య ఇదేమిటి? వద్దు, వద్దు" అని చేటను ఇటు తోసింది. అమ్మ అటు తోసింది. తర్వాత మాతిన్ నవ్వడం ఆపి, నా భుజం మీద చెయ్యి వేసి, నిదానంగా చాలాసేపు మాట్లాడింది. అమ్మకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏటంతంది?" అంది.

నేను అనువదించాను. "అక్కడ మనకి ఇల్లున్నాదా, భూమున్నాదా అని అడుగుతన్నాది. ఓడలో సిన్నపిల్లలు సచ్చిపోతన్నారంట. నన్ను ఇక్కడ ఉంచీమంతన్నాది. బడికి పంపుతాదంట. దానికెవులూ లేరంట." చెప్పి అమ్మ ముఖం వైపు చూశాను. ఆ ముఖమే నాకు ఇన్నేళ్ళూ మిగిలింది. ఆ ఒక్క క్షణం ఆమె ముఖంలో ఏముందో నాకు చదవడం రాలేదు. మెట్ల మీద జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు, పైన ఎక్కడో గంట మోగుతోంది. అమ్మ కూర్చుండిపోయింది. చేట పక్కన, రాతి మెట్టు మీద, దారికి అడ్డంగా. అప్పుడు చూశాను, ఖాళీ మూటగుడ్డను ఆమె ముడేస్తోంది, విప్పుతోంది, మళ్ళీ ముడేస్తోంది. పొద్దున్నుంచీ భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆమె నాకన్నా ఎక్కువ భయపడుతోంది. మా అమ్మ భయపడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసేసరికి నేను గౌనులో పోసుకున్నాను.

"ఇద్దరిని డల్లా ఒడ్డున పెట్టినాను, అది సూసింది గదా అని సెప్పు" అంది అమ్మ, నా వైపు చూడకుండా. చెప్పాను. మాతిన్ తలూపింది. ఆ రెండుసార్లూ బిడ్డ చివరి స్నానానికి నీళ్ళు కాచింది ఆవిడేనట. "ఇది పుచ్చుకోకపోతే నానీ మెట్టు దిగనని సెప్పు." అదీ చెప్పాను. మాతిన్ ఇంకా చేతులు ఊపుతూనే ఉంది. అప్పుడు నేనే, అమ్మ చెప్పమనని మాట ఒకటి అన్నాను. "నువ్వు అమ్మితేనే నేను బతుకుతానంట. లేకపోతే సముద్రంలో చచ్చిపోతానంట. అందుకే మా అమ్మ ఇంత భయపడుతోంది" అన్నాను. మాతిన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కుప్ప మీదినుంచి ఎత్తుకోవడం, తవుడు తేవడం అదంతా ఏదో శుభం కోసం చేసే సరదా అని ఆవిడ అన్నేళ్ళూ అనుకుందట. చుట్ట తీసి మెట్టు మీద ఆర్పింది. చేట దగ్గరికి లాక్కుంది. పిడికెడు తవుడు తీసి అరచేతిలో రుద్ది చూసి, అందరికీ వినబడేలా గట్టిగా, "ఇంత పిల్లకు ఇంతేనా? ఇది చాలదు" అంది.

ఆ మాట తెలుగు చేయగానే అమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది. బేరం మొదలైంది. ఆమెకు కావలసింది అదే. "ఉన్నదంతా ఇదే. మిల్లు సర్కారోలు తీసీసుకున్నారు. ఇంతకే ఇమ్మను" అంది, ఆమె కూడా గట్టిగా. మాతిన్ కాదంది. అమ్మ మూటగుడ్డ దులిపి మిగిలిన నలుసు కూడా రాల్చింది. పువ్వులవాళ్ళు నవ్వుతున్నారు. నేను ఇటు తిరిగి తెలుగు, అటు తిరిగి బర్మా, నన్ను నేనే బేరమాడుతూ, తడిసిన గౌనుతో నిలబడ్డాను. చివరికి మాతిన్ పెద్దగా నిట్టూర్చి, నష్టపోయిన దానిలా తల కొట్టుకుని, తవుడంతా తన ఒడిలోకి ఒంపుకుంది. ఖాళీ చేటలో నన్ను నిలబెట్టింది. వెన్ను మీద చెయ్యి పెట్టి అమ్మ వైపు ఒక్క తోపు తోసింది. ఆ తోపుకు నేను అమ్మ మీద పడ్డాను. వెనక్కి తిరిగి చూస్తే మాతిన్ ఒడిలో తవుడు పట్టుకుని అలాగే కూర్చుంది. నవ్వడం లేదు. అంతకుముందు నన్ను ఉంచేయమన్నది మర్యాదకు కాదని, ఆవిడ నిజంగానే అడిగిందని నాకు ఆ ముఖం చూశాక తెలిసింది.

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాం. పొద్దున్నుంచి మొదటిసారి భయం లేకుండా కొంగు వదిలేసి, అవతలి పక్క బొమ్మల కొట్టు వైపు పరిగెత్తాను. బస్సు కీచుమంటూ ఆగింది. అమ్మ వచ్చి రెక్క పట్టుకుని లాగి, చెంప మీద ఒక్కటి ఇచ్చింది. కళ్ళు బైర్లు కమ్మాయి. అమ్మ అంతవరకు నన్ను ఎప్పుడూ కొట్టలేదు. మా వరసలో తల్లుల చేత తన్నులు తినని పిల్ల నేనొక్కదాన్నే, అందరూ గారం అనుకునేవారు. పరాయిదాని పిల్ల మీద చెయ్యెత్తకూడదని అమ్మ ఓర్చుకుందన్న సంగతి ఆ దెబ్బతో తెలిసింది. కొట్టిన చెయ్యిని అమ్మ కాసేపు చూసుకుంది. తర్వాత నన్ను ఒళ్ళోకి లాక్కుని ఆ రోడ్డు పక్కనే కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాకు ఎంతో హాయిగా ఉంది. ఏడుపయ్యాక అమ్మ ముక్కు చీది, చుట్ట వెలిగించి తిప్పి నోట్లో పెట్టుకుని, తల ఎత్తి గోపురం వైపు చూసి, "అబ్బ, ఎంత బంగారమున్నాదే" అంది. అప్పుడు చూసింది ఆమె రంగం.

ఓడలో నేను చావలేదు. వాంతులు చేసుకుంటూ, అమ్మ చేతి దెబ్బలు తింటూ మన తీరం చేరాను. ఊళ్ళో చెల్లెలు పుట్టింది, ఆస్పత్రిలో. దానికి లక్షణంగా సుజాత అని పేరు పెట్టారు, చేట, తవుడు అన్న మాటే రాలేదు. ఇప్పుడు మా ఇళ్ళలో బిడ్డ పుడితే కాలికి నంబరు పట్టీ కడతారు, నెలనెలా సూదులు, చుక్కలు, గంటకోసారి ఫోటోలు. పుట్టినవాళ్ళంతా బతుకుతారన్న ధీమాతోనే పేర్లు వెతుకుతారు. ఆ ధీమా చూస్తే నాకు సంతోషమే, దాన్ని ఎవరు కాదంటారు? నా తరువాత మా ఇంట్లో ఏ బిడ్డనూ కుప్ప మీద పెట్టనక్కర్లేకపోయింది. కానీ బిడ్డ ఉంటుందో పోతుందో తెలియని రోజుల్లో తల్లులు ఎంత భయంతో, ఎంత దూరం నడిచి, ఎవరి ముందు చేయి చాచారో ఈ పిల్లలకు ఊహకు అందదు. నాకు ఆ పేరు మార్చుకోమని ఉద్యోగంలో చేరినప్పుడు చాలామంది చెప్పారు. నేను మార్చుకోలేదు. నా పేరు విని నవ్వేవాళ్ళతో పేచీ పెట్టుకోవడం కూడా నాకిష్టమే.

అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం వరండాలో చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని, ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకుని అడగలేకపోయినది అడిగాను. "మాతిన్ ఆ తవుడు పుచ్చుకోకపోయుంటే ఏం చేసేదానివి? నన్ను ఇచ్చేసి వచ్చేదానివా?" అన్నాను. అమ్మ తల ఎత్తలేదు, గింజ తీసి పక్కన వేసింది.

"ఇచ్చీడమేటి? ఓడలో పేరు మీ అయ్య రాయించినాడు, మీ అయ్య ఎల్లీవోడు" అంది. "మనిద్దరం ఆ మెట్ల మీద దాని పక్కన కూకుని పువ్వులు కట్టుకునీవాళ్ళం."